వెచ్చటి గుడ్డ మంచి కాలికే ఎందుకు చుట్టారు?

ప్రశ్న: డాక్టరమ్మ గారికి నమస్కారం. మాది గూడూరు. మా అమ్మాయిని మా అన్నయ్య కొడుక్కే ఇచ్చి చేశాం. అల్లుడికి అంబత్తూరులో ఉద్యోగం. 29 వారాలకే నొప్పులొచ్చి చెన్నైలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో కాన్పయింది. మగబిడ్డ, 1,180 గ్రాములు. పుట్టినరోజే బొడ్డులోంచి సన్నటి గొట్టం పెట్టారు. నాలుగో రోజు పొద్దున చూస్తే కుడికాలు మోకాలి కింద నుంచి తెల్లగా పాలిపోయి ఉంది, వేళ్లు నీలంగా మారాయి. వెంటనే గొట్టం తీసేశారు. స్కాన్ చేసి తొడ దగ్గర రక్తనాళంలో గడ్డ ఉందన్నారు, హెపారిన్ అనే మందు మొదలుపెట్టారు. ఇవాళ్టికి మూడు రోజులు. రంగు చీలమండ దాకా వచ్చింది గానీ రెండు వేళ్లు నల్లగానే ఉన్నాయి. కుడికాలు చల్లగా ఉంటే నర్సమ్మ వెచ్చటి గుడ్డ తెచ్చి బాగున్న ఎడమకాలికి చుట్టింది. పొరపాటు పడ్డావమ్మా అంటే కాదు, అదే కరెక్ట్ అంది. డాక్టరు తమిళంలో చెబుతుంటే ‘కత్తి’ అన్న మాట వినపడి నా గుండె ఆగినంత పనైంది. అవసరమైతే గడ్డ కరిగించే మందు ఇస్తాం, సంతకం పెట్టి ఉంచండి అంటున్నారు. దానివల్ల తలలో రక్తం కారవచ్చట. పెట్టమంటారా? కాలు తీసేస్తారా? ఇదంతా మేనరికం వల్లేనని మా వదిన, విటమిన్ సూది వల్లేనని ఇంకొకరు అంటున్నారు. అమ్మాయి తన తప్పేనని ఏడుస్తోంది. అల్లుడి ఆఫీసు స్నేహితుడు ఫోన్లో చదివి, వేరే డాక్టరైతే వేరేలా చేస్తాడంటున్నాడు. పెద్దాసుపత్రికి మార్చాలా?
— ఒక అమ్మమ్మ

జవాబు: అమ్మా, మీ ఉత్తరం చూసిన గంటలోనే మీ అల్లుడు ఇచ్చిన నంబరుకు నాలుగు ముక్కల్లో జవాబు పంపాను. పత్రికలో వచ్చేదాకా ఆగే విషయం కాదిది. ఇప్పుడు రాస్తున్నది మీకు నింపాదిగా చదువుకోవడానికి, ఇలాంటి అవస్థలో ఉన్న మిగతా ఇళ్ల వాళ్లకు కూడా.

ముందు ఆ గుడ్డ సంగతి. నర్సమ్మ చేసింది పొరపాటు కాదు. ఒక కాలికి వెచ్చదనం తగిలితే ఒళ్లు ఆ ఒక్క కాలి నాళాలనే కాదు, రెండో కాలి నాళాలనూ కాస్త వదులు చేస్తుంది. మన శరీరానికి ఉన్న సహజ గుణమది. అందుకే బాగున్న కాలిని వెచ్చబెడతారు, దెబ్బతిన్న కాలిని మామూలు వేడిలోనే, ఎత్తూ పల్లమూ లేకుండా సమంగా ఉంచుతారు. చల్లబడిన కాలికే నేరుగా కాపడం పెడితే రెండు నష్టాలు. ఒకటి, వేడి తగిలిన కండకు ప్రాణవాయువు ఎక్కువ కావాలి. అసలే రక్తం అందని కాలు అది, ఎక్కువ అడిగితే ఎక్కడి నుంచి వస్తుంది? రెండోది, రక్తం ఆడని చర్మం వేడిని తట్టుకోలేదు, మన చేతికి గోరువెచ్చగా అనిపించేదే దానికి వాత పెడుతుంది. చాలా ఏళ్ల కిందట నేను పనిచేసిన ఒక చోట ఒక నాయనమ్మ, ఎవరూ చూడనప్పుడు, చీరకొంగును ఫ్లాస్కులో వేడినీళ్లలో తడిపి పిండి మనవరాలి చల్లటి పాదానికి అద్దింది. ప్రేమకొద్దీ చేసిన పని. పొద్దున్నకి ఆ పాదం మీద రూపాయి బిళ్లంత బొబ్బ. గడ్డ కరిగినా ఆ బొబ్బ మానడానికి మూడు వారాలు పట్టింది. మీరు ఆ పని చేయలేదు, నర్సునే అడిగారు. మంచి పని చేశారు. ఇకముందు కూడా నూనె రాయడం, మర్దన చేయడం, పసుపు పట్టించడం ఏదీ వద్దు. ఇంటి దగ్గరి నుంచి ఎవరు ఏం పంపినా సరే.

ఇక ‘కత్తి’. తమిళంలో గడ్డను ‘కట్టి’ అంటారు. రక్తపు గడ్డ ఉందని డాక్టరు చెబుతుంటే మీకు కత్తిలా వినపడి ఉంటుంది. నెల్లూరు, సూళ్లూరుపేట, తిరుపతి వైపు నుంచి చెన్నై వచ్చే మనవాళ్లకు ఆసుపత్రుల్లో ఇలాంటివి ఎదురవుతూనే ఉంటాయి. తెలుగు తెలిసిన నర్సో, రెసిడెంట్ డాక్టరో దాదాపు ప్రతి ఆసుపత్రిలోనూ దొరుకుతారు. ‘మాకు తెలుగులో చెప్పించండి’ అని అడగడానికి మొహమాటపడకండి. ముఖ్యంగా సంతకం పెట్టే ముందు అడగండి. అర్థం కాని కాగితం మీద సంతకం చేయించుకోవడం వాళ్లకూ ఇష్టం ఉండదు.

ఇప్పుడు అసలు ఏం జరిగిందో చెబుతాను. బొడ్డుతాడులో రెండు ధమనులు, ఒక సిర ఉంటాయి. నెలలు నిండని బిడ్డకు గంటగంటకూ రక్తంలో ఆక్సిజన్ చూడాలి, బీపీ చూస్తూ ఉండాలి. ప్రతిసారీ సూది గుచ్చకుండా, పుట్టిన కొత్తలో ఇంకా తెరుచుకునే ఉన్న ఆ ధమనుల్లో ఒక దానిలోంచి సన్నటి గొట్టం పంపుతారు. అది కడుపు కింది భాగంలో వంపు తిరిగి, గుండె నుంచి కిందికి దిగే పెద్ద రక్తనాళంలోకి చేరుతుంది. కాళ్లకు, మూత్రపిండాలకు, పేగులకు రక్తం పంచేది ఆ పెద్ద నాళమే. గొట్టం మందం మిల్లీమీటరుకు కొంచెం ఎక్కువ. మీ మనవడి తొడలోని నాళమే ఒకటి రెండు మిల్లీమీటర్లు. అంత ఇరుకులో పరాయి వస్తువు ఉంటే దాని చుట్టూ రక్తం పేరుకోవడానికి ఆస్కారం ఎప్పుడూ ఉంటుంది. పసికందుల ధమనుల్లో గడ్డలకు మొదటి కారణం ఇలాంటి గొట్టాలే. గొట్టం కొస ఛాతీ దగ్గర 6 నుంచి 9 వెన్నుపూసల మధ్య ఉండేలా పెట్టడం, అందులో పోయే నీళ్లలో చిటికెడు హెపారిన్ కలపడం అందుకే. అయినా పూర్తిగా తప్పించలేం.

అయితే ఇంత చిన్న బిడ్డ రక్తమే అంత త్వరగా గడ్డ కడుతుందా? కొంత అవుననే చెప్పాలి. పసిబిడ్డ రక్తంలో గడ్డ కట్టించేవీ తక్కువే, గడ్డను ఆపేవీ తక్కువే. యాంటీథ్రాంబిన్ అనే పదార్థం పెద్దవాళ్లలో ఉండేదాంట్లో దాదాపు సగమే ఉంటుంది. కట్టిన గడ్డను కరిగించడానికి ఒళ్లు వాడుకునే ప్లాస్మినోజన్ కూడా దాదాపు సగమే. రెండు తట్టలూ తేలికైన త్రాసు లాంటిదది. మామూలుగా సమంగానే నిలుస్తుంది. గొట్టం, ఇన్ఫెక్షన్, ఒంట్లో నీరు తగ్గడం, ఇలాంటిది ఒకటి వచ్చి పడితే ఒకవైపు ఒరిగిపోతుంది. మొదటి నెల దాటితే ఈ ప్రమాదం బాగా తగ్గుతుంది.

మీ డాక్టర్లు మొదటి గంటలో చేసినవన్నీ చేయాల్సినవే. వేళ్లు నీలంగా కనపడగానే గొట్టం తీసేశారు. అది సగం వైద్యం. చాలామంది బిడ్డల్లో అది గడ్డే కాదు, గొట్టం ఒరుసుకుని నాళం ముడుచుకుపోవడం. గొట్టం తీశాక గంటలోపే రంగు తిరిగొస్తుంది. ముడుచుకున్న నాళం వదులయ్యేందుకు కొన్ని చోట్ల నైట్రోగ్లిజరిన్ అనే లేపనం కూడా, బీపీ పడిపోకుండా చూసుకుంటూ, పలచగా రాస్తారు. మీ మనవడికి రంగు రాలేదు కాబట్టి నాళంలో రక్తం ఎలా పారుతోందో చూపే డాప్లర్ స్కాన్ చేశారు. గడ్డ కనపడింది, హెపారిన్ పెట్టారు.

ఇక్కడ ఒక మాట సరిగ్గా అర్థం చేసుకోవాలి. హెపారిన్ గడ్డను కరిగించదు. ‘రక్తం పలచన చేసే మందు’ అని అందరం అంటాం గానీ, అది చేసేది ఉన్న గడ్డ పెరగకుండా కాపలా కాయడం. కరిగించే పని బిడ్డ ఒళ్లే మెల్లగా చేసుకుంటుంది. అందుకే మూడు రోజులైనా ఇంకా అలాగే ఉందే, మందు పనిచేయడం లేదే అని మీకు అనిపిస్తోంది. గూడూరు వైపు మీకు పంటకాలువలు తెలుసు కదా. పెద్ద కాలువకు ఒకచోట పూడిక అడ్డుపడితే, నీళ్లు పక్కనున్న పిల్లకాలువల్లోంచి దారి చూసుకుంటాయి. పసిబిడ్డల కాళ్లలో ఆ పిల్లకాలువలు పెద్దవాళ్లకన్నా చురుగ్గా పెరుగుతాయి. పూడిక పెరగకుండా ఆపగలిగితే చాలాసార్లు కాలు తనకు తానే నిలబడుతుంది. వైద్యం నెమ్మదిగా జరుగుతోందంటే ఏమీ చేయడం లేదని కాదు.

హెపారిన్ కొత్త మందేమీ కాదు. 1916లో అమెరికాలోని జాన్స్ హాప్‌కిన్స్‌లో ఒక వైద్య విద్యార్థి చేసిన ప్రయోగాలతో మొదలైన కథ అది. నూరేళ్లు దాటిన మందు కాబట్టి దాని మంచీ చెడూ మాకు బాగా తెలుసు. పసిబిడ్డలకు మోతాదు లెక్క మాత్రం వేరు. హెపారిన్ పనిచేసేది ఆ యాంటీథ్రాంబిన్ ద్వారానే, అది తక్కువ కాబట్టి బరువును బట్టి చూస్తే వీళ్లకే ఎక్కువ కావాల్సి వస్తుంది. పెద్దవాళ్లకు కిలోకు గంటకు 18 యూనిట్లతో మొదలుపెడితే, ఏడాదిలోపు పిల్లలకు 28 అని పుస్తకాల్లో ఉంటుంది. నెలలు తక్కువ బిడ్డలకు చాలామందిమి దాన్ని తగ్గించి మొదలుపెట్టి, రక్తపరీక్ష చూసుకుంటూ పెంచుతాం. ఆ పరీక్ష పేరు యాంటీ టెన్‌ ఎ. 0.35 నుంచి 0.7 మధ్య ఉంటే హెపారిన్ సరిపోతున్నట్టు. మీ అల్లుడిని రోజుకోసారి ఆ అంకె అడిగి ఒక చిన్న పుస్తకంలో రాసుకోమనండి. కొద్ది రోజులయ్యాక డాక్టర్లు ఎనాక్సాపారిన్‌కు మార్చవచ్చు. అది చర్మం కింద రోజుకు రెండుసార్లు ఇచ్చే సూది, ఇంటికి వెళ్లాక కూడా ఇవ్వవచ్చు. తొడ నాళంలో గొట్టం వల్ల వచ్చిన గడ్డకు కనీసం 5 నుంచి 7 రోజులు మందు ఉంటుంది. స్కాన్‌లో ఇంకా గడ్డ ఉంటే వారాలపాటు సాగదీస్తారు.

హెపారిన్ నడుస్తున్నన్ని రోజులూ మీ కళ్లు కూడా పనిచేయాలి. సూది గుచ్చిన చోట నుంచి చెమ్మ ఆగకపోవడం, డైపర్‌లో ఎరుపు, నల్లటి విరేచనం, బిడ్డ ఉన్నట్టుండి పాలిపోవడం, మాడు ఉబ్బెత్తుగా కనిపించడం, వీటిలో ఏది చూసినా అక్కడే నర్సుకు చెప్పండి. ఎక్కువైతే మందు ఆపగానే కొన్ని గంటల్లో దాని పని తగ్గిపోతుంది, విరుగుడు మందు ప్రోటమిన్ కూడా ఉంది. రక్తపరీక్షలు తరచుగా చేస్తున్నారని బాధపడుతుంటారు చాలామంది. నిజమే, మీ మనవడి ఒంట్లో మొత్తం రక్తం 100 మిల్లీలీటర్ల చిల్లర, ఒక చిన్న టీ గ్లాసుడు. అందుకే ఎంత తక్కువ తీయగలరో అంతే తీస్తారు. ఎంత తీశారని అడిగితే ఎవరూ తప్పు పట్టరు.

సంతకం విషయానికి వస్తాను. మీరు రాత్రిళ్లు నిద్రపోలేకపోతున్నది దీని గురించేనని ఉత్తరం చదువుతుంటేనే తెలిసింది.

గడ్డ కరిగించే మందు పేరు ఆల్టెప్లేజ్, ఆసుపత్రిలో టీపీఏ అంటుంటారు. గుండెపోటు, పక్షవాతం వచ్చిన పెద్దవాళ్లకు ఇచ్చేదే. హెపారిన్‌లా కాపలా కాయదు, నేరుగా గడ్డ మీద పడుతుంది. చిక్కల్లా ఒకటే, అది కాలి గడ్డ ఏదో, తలలో చిన్న నాళానికి పడిన అతుకు ఏదో తేడా చూడదు. 32 వారాలకు ముందు పుట్టిన బిడ్డల మెదడులో నాళాలు చాలా పెళుసు. మొదటి వారంలో ఏ మందూ ఇవ్వకపోయినా అక్కడ రక్తం కారవచ్చు. మీ మనవడు 29 వారాల బిడ్డ, ఇంకా మొదటి వారమే. మీ డాక్టర్లు వెనకాడుతున్నది అందుకే. ఆ వెనకాడటం నాకు నచ్చింది.

ఈ మందు ఎప్పుడు ఇస్తామంటే, హెపారిన్ నడుస్తున్నా కాలు మొత్తం చేజారిపోయేలా ఉన్నప్పుడు, లేదా గడ్డ పెద్ద నాళంలో పెరిగి మూత్రపిండాలకో, పేగులకో రక్తం ఆపుతున్నప్పుడు. అంటే కాలిదో, ప్రాణానిదో ప్రశ్న అయినప్పుడు. మీరు రాసినదాన్ని బట్టి, మోకాలి కింద నుంచి పాలిపోయిన కాలు మూడు రోజుల్లో చీలమండ దాకా తేరుకుంది. మిగిలింది రెండు వేళ్లు. రెండు వేలి కొసల కోసం ఇంత చిన్న బిడ్డ తలను పణంగా పెట్టడానికి నాకైతే మనసొప్పదు. మీ డాక్టర్లు కూడా అలాగే ఆలోచిస్తున్నారని, అర్ధరాత్రి కాలు మళ్లీ మోకాలి దాకా తెల్లబడితే మిమ్మల్ని వెతుక్కోకుండా ఉండేందుకే ముందే సంతకం అడుగుతున్నారని నా అంచనా. సంతకం పెట్టినంత మాత్రాన మందు ఎక్కించేసినట్టు కాదు. పెట్టండి. పెట్టే ముందు పెద్ద డాక్టరుతో పది నిమిషాలు కూర్చుని, తల స్కాన్ చివరిసారి ఎప్పుడు చేశారో, ఏమైనా రక్తం ఉందో లేదో కనుక్కోండి. ప్లేట్‌లెట్లు ఎంతున్నాయో అడగండి. 50,000 కన్నా కిందుంటే ఈ మందు జోలికి వెళ్లరు, చాలా చోట్ల లక్ష దగ్గర ఉండేలా ఎక్కించుకుని మొదలుపెడతారు. రక్తం గడ్డ కట్టడానికి కావాల్సిన ఫైబ్రినోజన్ అనే పదార్థం 100 పైన ఉండాలి. ‘ఏం మారితే ఈ మందు ఇస్తారు?’ అని సూటిగా అడగండి. ఈ ప్రశ్నకు వచ్చే జవాబుతోనే మీ టెన్షన్ సగం తీరుతుంది. ఇవ్వాల్సి వస్తే, ముందు ప్లాస్మా ఎక్కించవచ్చు. ఇందాక చెప్పిన ప్లాస్మినోజన్ బిడ్డలో తక్కువ కదా, అది లేకపోతే టీపీఏకి పనిముట్టు లేనట్టే. మందు మామూలుగా 6 గంటలపాటు ఎక్కిస్తారు, ఆపిన కొద్ది నిమిషాల్లోనే రక్తంలోంచి చాలావరకు వెళ్లిపోతుంది. ఆ సమయంలో కండకు సూదులు వేయరు, మూత్రానికి గొట్టం వేయరు, బిడ్డను వీలైనంత తక్కువగా కదిలిస్తారు, తల స్కాన్ మళ్లీ మళ్లీ చేస్తారు.

మీ అల్లుడి ఆఫీసు స్నేహితుడెవరో ఫోన్లో చదివి వేరే డాక్టరు వేరేలా చేస్తాడన్నాడని రాశారు. అదీ నిజమే. పసికందుల్లో ఈ చికిత్సల మీద పెద్ద పెద్ద ట్రయల్స్ దాదాపు లేవు. పెద్దవాళ్లలో నేర్చుకున్నది, ఒక్కో ఆసుపత్రిలో కొద్దిమంది బిడ్డల్లో చూసినది, ఈ రెండూ కలుపుకుని నడుస్తాం. అందుకని ఇద్దరు మంచి డాక్టర్లు రెండు దారులు చెప్పవచ్చు. దాన్ని అబద్ధంగానో, చేతకానితనంగానో తీసుకోవద్దు.

ఆపరేషన్ చేసి గడ్డ తీయకూడదా అంటారేమో. కిలో బిడ్డ నాళాన్ని కోసి కుట్టాలంటే మైక్రోస్కోపు కింద, వెంట్రుక కన్నా సన్నటి దారంతో చేయాలి. కుట్టిన చోటే మళ్లీ గడ్డ కట్టే అవకాశం ఎక్కువ. కాలు పోయే పరిస్థితి ఉండి, మందులు ఇవ్వడానికి వీల్లేని బిడ్డకు, ఆ చేయి తిరిగిన సర్జన్ ఉంటేనే ఆ ఆలోచన.

కాలు తీసేస్తారా అన్న మీ ప్రశ్నకు, మీరు చెప్పిన పరిస్థితిలో కాలు తీసే మాటే రాకూడదు. ఆ రెండు వేళ్ల సంగతి ఇంకా తేలలేదు. పసిబిడ్డల్లో నల్లబడిన చోటంతా చచ్చిపోయినట్టు కాదు. పైన నల్లటి పొర ఉండి కింద గులాబీ చర్మం బతికే ఉండటం ఎన్నోసార్లు చూశాను. అందుకని తొందరపడి కోయరు, వారాలు ఆగుతారు. పొడిగా, ఇన్ఫెక్షన్ లేకుండా ఉంచితే బతికినదానికీ పోయినదానికీ మధ్య ఒక గీత ఏర్పడుతుంది. పోయిన కొస ఎండి, బొడ్డు రాలినట్టు దానంతటదే రాలిపోతుంది. ఇలాగే రెండు వేళ్ల కొసలు రాలిన ఒక పాప నాలుగేళ్ల వయసులో నా గదిలోకి పరిగెత్తుకుంటూ వచ్చింది. సాక్సు విప్పితే గానీ ఏ కాలో నాకు గుర్తు రాలేదు. వేళ్ల దగ్గర చీము, దుర్వాసన, తడి కనపడితే మాత్రం అది వేరే దారి. వెంటనే చెప్పాలి.

మీరు ఇంక్యుబేటర్ దగ్గరికి వెళ్లినప్పుడు ఒకటి గమనించండి. ఆ కాలి మీద పెన్నుతో గీత ఉంటుంది. చల్లదనం ఎక్కడ మొదలైందో అక్కడ గీసి, పక్కన టైము వేస్తారు. లేకపోతే గీయమని అడగండి. మొదటి రోజు గీత మోకాలి కింద, తర్వాత పిక్క మీద, ఇప్పుడు చీలమండ దగ్గర. ఆ గీత పాదం వైపు దిగుతోందా, పైకి పాకుతోందా అన్నదే మాకు అన్నిటికన్నా పెద్ద రిపోర్టు. పాదానికి ఎర్రటి లైటు వెలిగే పట్టీ కట్టి ఉంటారు. అది మానిటర్ మీద అల చూపిస్తుంటే అక్కడ రక్తం ఆడుతున్నట్టు. మిమ్మల్ని తాకనిస్తే, మీ వేలి వెనక భాగంతో రెండు పాదాలూ ఒకేసారి తాకి చూడండి. వెనక భాగానికే చల్లదనం బాగా తెలుస్తుంది.

ఇక మీ అమ్మాయి. ఆమెను పిలిచి ఈ పేరా చదివి వినిపించండి. తల్లీ, నువ్వు తిన్నది, తాగినది, నడిచినది, బరువెత్తినది ఏదీ ఈ గడ్డకు కారణం కాదు. బిడ్డ రక్తంలో ఆక్సిజన్, బీపీ కనిపెట్టి చూడటానికి గొట్టం కావాల్సి వచ్చింది, ఆ గొట్టం దగ్గర గడ్డ కట్టింది. నువ్వు ఇప్పుడు చేయగలిగిన పెద్ద పని పాలు పిండి పంపడం. అయిదు చుక్కలైనా సరే. బిడ్డ కుదుటపడ్డాక గుండెల మీద పడుకోబెట్టుకోనిస్తారా అని డాక్టరును అడుగు, వాళ్లు సరేనన్న రోజున గంటలు గంటలు పడుకోబెట్టుకో.

మేనరికం గురించి మీ వదిన గారి మాటను పూర్తిగా కొట్టిపారేయను, కానీ మీ మనవడికి అది అతికేలా లేదు. తల్లీ తండ్రీ ఇద్దరి నుంచీ ఒకే లోపం వస్తే ప్రోటీన్ సి అనే పదార్థం దాదాపు లేకుండా పుట్టే బిడ్డలు ఉంటారు. మేనరికాల్లో ఈ అవకాశం పెరిగేది నిజమే. అయితే ఆ జబ్బు ఇలా ఉండదు. పుట్టిన గంటల్లో, రోజుల్లో ఒంటి మీద అక్కడక్కడా ఊదా నల్లటి మచ్చలు వేగంగా పరుచుకుంటాయి, కళ్లు కూడా దెబ్బతింటాయి. అప్పుడు ప్లాస్మానో, ఆ ప్రోటీన్‌నో వెంటనే ఇవ్వాలి. గొట్టం ఉన్న ఒక్క కాలికే గడ్డ కట్టిన బిడ్డకు ముందు అనుమానించాల్సింది గొట్టాన్నే. అయినా మేనరికం సంగతి డాక్టరుకు చెప్పండి. ఇంట్లో ఇంతకుముందు పసిబిడ్డలు అలాంటి మచ్చలతో పోయారా, చిన్న వయసులోనే ఎవరికైనా కాళ్లలో గడ్డలు వచ్చాయా, మీ అమ్మాయికి గర్భాలు పోయాయా, అన్నీ దాచకుండా చెప్పండి. తల్లి రక్తంలోని కొన్ని యాంటీబాడీలు కూడా బిడ్డకు చేరి గడ్డలకు కారణం కావచ్చు, దానికి పరీక్ష ఉంది. బిడ్డ రక్తంలో ఈ పదార్థాలు ఇప్పుడు కొలిస్తే ఎలాగూ తక్కువే వస్తాయి, చూసి భయపడొద్దు. అవసరమనుకుంటే ఆరు నెలలు దాటాక మళ్లీ చేస్తారు, లేదా ముందు మీ అమ్మాయికీ అల్లుడికీ చేస్తారు.

పుట్టగానే ఇచ్చిన విటమిన్ కె సూది వల్ల రక్తం గడ్డ కట్టిందన్నది నిజం కాదు. ఆ సూది బిడ్డలో లేనిదాన్ని కొంత పూడుస్తుంది, మెదడులో రక్తస్రావం రాకుండా కాపాడుతుంది. ఇంకో బిడ్డ పుడితే ఈ మాట విని ఆ సూది వద్దనకండి.

ఆసుపత్రి మార్చే సంగతి. కాలు తేరుకుంటున్న ఈ దశలో, 1,180 గ్రాముల బిడ్డను చెన్నై ట్రాఫిక్‌లో అంబులెన్స్ ఎక్కించడం నాకు ఇష్టం లేదు. ఆ కుదుపులు కూడా తలకు మంచివి కావు. అక్కడ ఎప్పుడంటే అప్పుడు డాప్లర్, తల స్కాన్, యాంటీ టెన్‌ ఎ పరీక్ష జరుగుతుంటే, పిల్లల రక్త వైద్యులతో ఫోన్లోనైనా మాట్లాడుతుంటే అక్కడే ఉండండి. ఇవేవీ లేవంటే, లేదా గీత మళ్లీ పైకి పాకుతుంటే అప్పుడు మార్చాలి, అది కూడా ముందుగా అవతలి డాక్టరుతో మాట్లాడించి, మంచం ఉందని రూఢి చేసుకుని. ఖర్చు మోయలేని స్థితి వస్తే ఎగ్మూరులో ప్రభుత్వ పిల్లల ఆసుపత్రి ఉంది. మద్రాసు మెడికల్ కాలేజీకి అనుబంధమైనది, పసిబిడ్డల వైద్యంలో దశాబ్దాల అనుభవం ఉన్న చోటు. డబ్బు మాట మొదటే చెప్పుకోవడంలో చిన్నతనమేమీ లేదు.

ఇది చదివే మిగతా వాళ్ల కోసం ఒక్క మాట. పసిబిడ్డ మెదడు ధమనిలో కూడా గడ్డ పడవచ్చు, కొన్ని వేల కాన్పులకు ఒకరికి. మొదటి రెండు మూడు రోజుల్లో ఒకే చేయో, ఒకే కాలో లయగా కొట్టుకుంటుంటే ఆ అనుమానం రావాలి. దాని వైద్యం వేరు. సాధారణంగా హెపారిన్ ఇవ్వరు, ఫిట్స్ ఆపి, బిడ్డను నిలబెట్టి, తర్వాత ఫిజియోథెరపీ మొదలుపెడతారు. మళ్లీ వచ్చే అవకాశం చాలా తక్కువ.

ఇంటికి వెళ్లాక ఏం చూడాలో కూడా ఇప్పుడే చెబుతాను. నాళం పూర్తిగా తెరుచుకోకపోతే ఆ కాలు పెరుగుదలలో కాస్త వెనకబడవచ్చు. అందుకని చెకప్‌కు వెళ్లిన ప్రతిసారీ రెండు కాళ్ల పొడవూ కొలవమనండి, ఎత్తు పెరగడం ఆగేదాకా ఏడాదికోసారైనా. కాళ్ల దగ్గర నాడి చూడమనండి. నడక వచ్చాక కాసేపు ఆడి పిక్క నొప్పి అని కూర్చుంటుంటే చెప్పాలి. బీపీ కూడా చూపించాలి. బొడ్డు గొట్టం మూత్రపిండాల నాళాల పక్కనుంచే వెళ్లింది కాబట్టి కొందరిలో తర్వాత బీపీ పెరుగుతుంది. చిన్నపిల్లల బీపీ పట్టీ లేదని మానేస్తుంటారు, ఉన్న చోటికి తీసుకెళ్లండి. డిశ్చార్జి కాగితంలో బొడ్డు ధమని గొట్టం ఎన్ని రోజులుంది, ఏ నాళంలో గడ్డ, ఏ మందు ఎన్ని రోజులు ఇచ్చారు, చివరి డాప్లర్‌లో ఏముంది, ఈ నాలుగూ రాయించుకోండి. దాని జిరాక్సు ఒకటి గూడూరులో మీ దగ్గరా పెట్టుకోండి.